హేమలత కోసం ప్రార్థన

బిట్రగుంట రైల్వే కాలనీ పక్కవీధిలో ఫ్లోరమ్మ చదివినన్ని నవలలు ఇంకెవరూ చదవలేదంటే అది పెద్ద పొగడ్తేమీ కాదు. ఆ వీధిలో ఇప్పుడు మనుషులే తక్కువ. పొగబండ్ల కాలంలో ప్రతి ఇంజనూ ఇక్కడ ఆగి నీళ్లు తాగి, బొగ్గు తిని పోయేది గనక ఊరికొక రాజసం ఉండేది. డ్యూటీ సైరనుకు ఊరంతా లేచేది, డ్యూటీ సైరనుకే ఊరంతా పడుకునేది. కరెంటు ఇంజన్లకు ఆకలీ లేదు, దాహమూ లేదు. ఆగాల్సిన పని లేని బండ్లు ఊరిని మరచిపోయాయి. ఖాళీ క్వార్టర్ల గోడల్లో మొలిచిన రావిమొక్కలు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి, పోయే బండ్లను చూస్తుంటాయి.

ఆ బండ్లే ఫ్లోరమ్మను చదువరిని చేశాయి. ఆమె భర్త జడ్సన్ క్యారేజీ ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. రైలుపెట్టెలు రిపేరుకు యార్డుకు వచ్చినప్పుడు సీట్ల కిందా పైబెర్తుల మీదా జనం మరచిపోయిన వస్తువులు ఆయనకు కనిపించేవి. గొడుగో, టిఫిన్ క్యారియరో అయితే స్టేషన్‌లో అప్పగించేవాడు. నవల తీసుకుపోయి అప్పగిస్తే మాత్రం అక్కడివాళ్లు ఆయన్నే వింతగా చూసేవాళ్లు. అందుకని నవలలు ఇంటికొచ్చేవి. ఒకదానికి అట్ట ఉండేది కాదు, ఒకదానికి మొదటి పేజీలు బఠాణీల పొట్లాలకు పోయి ఉండేవి, ఇంకోదానికి చివర ఉండేది కాదు. చివర లేని డిటెక్టివ్ నవల చేతిలో పడ్డ మనిషి చదవడమన్నా మానేస్తుంది, లేదా హంతకుడెవరో తనే తేల్చుకుని దీపం ఆర్పుతుంది. ఫ్లోరమ్మ తేల్చుకునే రకం. ఆ రోజుల్లో ఆమె తీర్పుతో ఉరికంబం ఎక్కినవాళ్లలో నిర్దోషులు ఎంతమందో ఆమెకే తెలియదు.

ఇప్పుడు అరవై దాటాయి. వరండాలో కుట్టుమిషను పెట్టుకుని చీరలకు ఫాల్సు కుడుతుంది, జాకెట్లు సరిచేస్తుంది. పుస్తకాల చోటులోకి ఫోను వచ్చింది. అందులో కథల యాప్ ఒకటి ఉంది. తెల్లారేసరికి కొత్త అధ్యాయాలు వచ్చి పడతాయి. ప్రేమ, మిస్టరీ, రాజులూ మాంత్రికులూ ఉండే ఫాంటసీ, ఏదీ వదలదు. చదివినదాన్ని కడుపులో పెట్టుకోవడం ఆమెకు చేతకాదు. అల్లూరు వైపు పట్టపుపాళెం నుంచి చేపల గంప దించడానికి వచ్చే పేరమ్మ, కానాగంతల తలలు కోసేంతసేపూ వాటి మంచిచెడ్డలు వినాల్సిందే.

"ఈ పొద్దు మన కథ ఏమైందక్కా?" అంటుంది పేరమ్మ.

"ఏమైతాది మే. ఈ కాలం ప్రేమ నవలల్లో మగపిల్లోడు నవ్వడు. పెద్ద కంపెనీకి ఓనరు, ముదలాళి గదా. పొద్దస్తమానం చేతులు కట్టుకోని అద్దాల కిటికీ కాడ నిలబడుంటాడు. వాడక్కడ నిలబడుంటే కంపెనీ ఎవుడు నడుపుతాడో రాసే ఆమెకు అక్కర్లేదు."

"కాళ్లు నొయ్యవా వాడికి?"

"నొప్పులు నాబోటోళ్లకు మే."

డిటెక్టివ్‌ల మీద ఆమె కోపం వేరు. పాతకాలం డిటెక్టివ్ దొంగను పట్టుకుని కాఫీ తాగి ఇంటికి పోయేవాడు. ఇప్పటివాడికి దొంగకంటే సొంత బాధలెక్కువ. హత్య జరిగిన ఇంట్లో నిలబడి చిన్నప్పుడు నాయన కొట్టిన దెబ్బలు తలుచుకుంటూ ఉంటాడు, శవం పాపం ఎదురుచూస్తూ ఉంటుంది. హంతకుణ్ణి పట్టడానికి ఆమెకొక కొలత ఉంది. ఇంట్లో ముసలమ్మకు ఎవరూ అడక్కుండా మందుబిళ్లలు అందించేవాడు ఎవడో వాడే. పదింటికి ఎనిమిది సార్లు వాడే అయ్యేవాడు. ఆ దెబ్బకు జడ్సన్ ఆమెకు బీపీ బిళ్ల అందించడం మానేశాడు.

ఫాంటసీల సంగతికొస్తే, ముందొక మ్యాపు ఉంటుంది. రాజ్యాలకు మందుబిళ్లల లాంటి పేర్లు పెడతారు. వేలకు వేల సైన్యం కొండలెక్కి పోతూ ఉంటుంది, వెనక గంజి కాచేవాడు ఒక్కడూ కనిపించడు. అయినా వాటిలో ఒకటి ఆమెను పట్టుకుంది. ఉప్పుకొఠార్లలో ఒక మంత్రగత్తె ఉంటుంది. ఉప్పు కావాలని వచ్చినవాళ్ల దగ్గర ఒక జ్ఞాపకం తీసుకుని గుప్పెడు ఉప్పు ఇస్తుంది. "అది చదివినాక కూరలో ఉప్పెయ్యాలంటే చెయ్యి రాలా మే" అని ఆమె చెబితే, జడ్సన్ గదిలోంచి, "అవును, ఆ కూర తినింది నేనే" అన్నాడు.

ఇన్ని వంకలు పెట్టే మనిషి ఈ చలికాలం చివర్లో ఒక మామూలు ప్రేమ నవలకు దొరికిపోయింది. అందులో పిల్ల పేరు హేమలత. ముప్పై దాటిన పిల్ల, ఏదో ఆఫీసులో పని. పెళ్లి రెండురోజులుందనగా పెళ్లికొడుకు చెప్పాపెట్టకుండా మాయమయ్యాడు. కొన్నేళ్లకు తిరిగొచ్చి గడప బయట నిలబడ్డాడు. తలుపు తియ్యాలా వద్దా అని హేమలత లోపల నిలబడింది. రోజుకొక అధ్యాయం. ఫ్లోరమ్మ పాలు పొయ్యి మీద పెట్టి చదివేది, పాలు పొంగేవి.

అసలు సంగతి గురువారం కూడికలో మొదలైంది. ఫ్లోరమ్మ వాళ్ల చర్చి సంఘంలో ఆడవాళ్లు వారానికొకరి ఇంట్లో చేరి ప్రార్థన చేసుకుంటారు. పాటా వాక్యమూ అయ్యాక ఒక్కొక్కరూ తమ ప్రార్థన మనవి చెప్పాలి. మనవి చెప్పగానే పక్కన కూర్చున్నామె కళ్లు మూసుకుని అందుకుంటుంది. ఒకసారి ప్రార్థన ఎత్తుకున్నాక ఆమెన్ అనేదాకా మధ్యలో నోరెత్తకూడదు. ఇల్లు కాలుతున్నా ప్రార్థన ముగిశాకే నీళ్లు పొయ్యాలి, అంత కట్టుబాటు.

ఫ్లోరమ్మ మనవి ఎప్పుడూ మోకాళ్ల గురించే. ఆ మోకాళ్ల కోసం అడిగీ అడిగీ సంఘం కూడా అలసిపోయింది. ఆ గురువారం తన వంతు వచ్చేసరికి మోకాళ్లు గుర్తుకు రాలేదు, పొద్దున చదివిన అధ్యాయం నోట్లో ఉంది.

"హేమలత అని ఒక బిడ్డ. పెళ్లి ముందర ఆ పిల్లోడు వదిలేసి పోయినాడు. ఇప్పుడు తిరిగొచ్చి గడప బయట నిలబడుండాడు. రమ్మనాల్నో పొమ్మనాల్నో తెలీక ఆ బిడ్డ తలుపు ఎనకాల నలిగిపోతా ఉండాది. ఆ బిడ్డ కోసం..."

ఇది నవల్లో అని చెప్పి తనే నవ్వేద్దామని ఊపిరి తీసుకుంది. ఆ ఊపిరిలోపల పక్కనున్న పుష్పకుమారిగారు "పరిశుద్ధుడవైన తండ్రీ" అని అందుకుంది.

పుష్పకుమారి పాస్టరుగారి భార్య. సంఘమంతా ఆమెను అమ్మగారు అంటారు. ఆమె ప్రార్థన గూడ్సుబండి లాంటిది, ఎన్ని పెట్టెలున్నాయో చివరి పెట్టె పోయేదాకా తెలియదు. హేమలత కన్నీళ్లు పోయాయి, హేమలత తల్లిదండ్రులు పోయారు, ఆ పిల్లవాడి కఠిన హృదయం పోయింది, లోకంలో మోసపోయిన ఆడబిడ్డలందరూ ఒకరి వెనక ఒకరు పోయారు. ఫ్లోరమ్మ కళ్లు మూసుకుని చెమటలు పట్టి కూర్చుంది. ఆమెన్ అని కళ్లు తెరిస్తే గదిలో సగంమంది పైటలతో కళ్లు ఒత్తుకుంటున్నారు. గోడవారగా కూర్చున్న మెర్లిన్ అనే పిల్ల తల ఎత్తనేలేదు.

"అమ్మగారూ, అది అట్ట కాదు..."

"నాకు తెలుసు ఫ్లోరా. పేరు బయటికి పోగూడదంటావు. పోదు. ఆ బిడ్డ తేల్చుకునేదాకా మనం శుక్రవారాలు ఒకపూట ఉపవాసముందాం. ఈస్టరు ముందర శ్రమదినాలే గదా, ఎట్టాగూ ఉండాల్సిందే."

అంతలో టీ గ్లాసులూ మురుకులూ వచ్చాయి. ఉపవాసాల దాకా పోయిన మాటను మురుకులు కొరుకుతూ వెనక్కి తీసుకోవడం ఎట్లాగో ఫ్లోరమ్మకు తోచలేదు. వచ్చేవారం చెబుదామనుకుంది. వచ్చేవారం అనే మాటకు ఎంత బరువైనా మోసే ఓపిక ఉంది.

ఈ సంగతి పేరమ్మకు చెబితే చేప చేతిలోంచి జారేంతగా నవ్వింది. "మీ దేవుడికి ఇంకేం పని లేదా అక్కా? బయటోళ్లం ఇంతమందిమి ఉంటే పుస్తకంలో ఆడమనిషిని గూడా చూసుకోవాల్నా ఆయన?"

"నవ్వబాకమే. నిన్న నేను గూడా పస్తున్నా."

తరవాతి గురువారం గుమ్మంలోనే అడిగారు, హేమలత ఎట్లా ఉందని. "ఇంకా తలుపు ఎనకాలే ఉండాది" అన్నది ఫ్లోరమ్మ. అబద్ధం కాదు. రాసే ఆమె తలుపు తియ్యకుండా అధ్యాయాలు నడిపిస్తోంది. "దేనికైనా దేవుని సమయం రావాల" అన్నది పుష్పకుమారిగారు. యాప్‌వాళ్ల సమయం అనలేక ఫ్లోరమ్మ తల ఊపింది.

ఇంతవరకే అయితే ఇదొక నవ్వుకునే ముచ్చటగా పోయేది. ఆ శనివారం సాయంత్రం కావలి బండి దిగి మెర్లిన్ నేరుగా ఫ్లోరమ్మ వరండాలోకి వచ్చింది. మెర్లిన్ కావలిలో ఒక రక్తపరీక్షల ల్యాబులో చేస్తుంది. రోజూ బండిలో పోయి బండిలో వస్తుంది. ఆమె కథ సంఘానికంతా తెలుసు, ఎవరూ మాట్లాడరు. రెండేళ్ల కిందట ఆమెకూ గిద్యోనుకూ ప్రధానం జరిగి పెళ్లి ఖాయమైంది. గిద్యోను అల్లూరులో రొయ్యల మేత కంపెనీలో చేసే కుర్రవాడు. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు గుడిలో పెళ్లి ప్రకటన చదవడం ఆనవాయితీ, అభ్యంతరమున్నవాళ్లు లేచి చెప్పుకోవచ్చని. రెండో ప్రకటన చదివిన సాయంత్రం గిద్యోను కనిపించకుండా పోయాడు. మూడో ఆదివారం పాస్టరుగారు ఆ కాగితం తియ్యకుండానే పాట ఎత్తుకున్నారు. ఆ రోజు నుంచి మెర్లిన్ వెనక వరసలో కూర్చుంటుంది.

"ఆంటీ, హేమలతక్క ఏం తేల్చుకున్నాదో నాకు చెప్పాల" అన్నది మెర్లిన్.

"ఎందుకు మే?"

ఆ పిల్ల చున్నీ కొసను వేలికి చుట్టింది, విప్పింది. "గిద్యోను ఫోన్ చేసినాడు. తప్పైపోయింది, పెళ్లి చేసుకుందామంటా ఉండాడు. మట్టలాదివారం లోపల చెప్తానన్నా. ఇంట్లో ఎవరికీ తెలీదు. మీకే చెప్తున్నా."

"నువ్వేమనుకుంటా ఉండావు?"

"ఒక పూట సరే అనిపిస్తుంది, ఒక పూట పొమ్మనిపిస్తుంది. నావల్ల కాక ప్రార్థనలో ఒప్పుకున్నా ఆంటీ. ఆ అక్క కోసం ఇంతమంది అడగతా ఉన్నారు గదా. ఆమెకు దేవుడు ఏ దారి చూపిస్తే నాకూ అదే దారి అని."

చెప్పాల్సిన మాట ఫ్లోరమ్మ గొంతుదాకా వచ్చింది. కానీ ఆ పిల్ల ముఖంలో రెండేళ్లుగా లేని తేటదనం ఉంది. బరువు ఎవరికో అప్పగించిన మనిషి ముఖం. "చెప్తాలే మే" అని పంపించేసింది.

పంపించి, మిషను ముందు కూర్చుంటే కాలు కదల్లేదు. నవల ఎట్లా ముగుస్తుందో ఆమెకు ఎప్పుడో తెలుసు. ప్రేమ నవలల్లో వదిలేసి పోయిన మగవాడు ఊరికే పోడు. ఒక గొప్ప కారణం మీద పోతాడు. ఆ కారణాన్ని రాసేవాళ్లు చివరిదాకా కొంగున కట్టుకుని ఉంటారు. ఈ కథలో మధ్యలో ఒకచోట ఆసుపత్రి పేరు ఊరికే వచ్చి పోయింది. అప్పుడే అనుకుంది, వీడు ఎవరికో కిడ్నీ ఇచ్చి ఉంటాడని. చివర్లో వాన కురుస్తుంది, తలుపు తెరుచుకుంటుంది. హేమలత తలుపు తీస్తే ఇక్కడ మెర్లిన్ కూడా తీస్తుంది. గిద్యోను ఏ కిడ్నీ ఎవరికిచ్చాడో ఎవరికి తెలుసు?

అప్పుడొక ఆలోచన వచ్చింది. హేమలత తలుపు తియ్యలేదని చెబితే ఏం పోతుంది? మెర్లిన్‌కు ఆ యాప్ సంగతే తెలియదు. ఫాల్సు కుడుతూ కుడుతూ ఫ్లోరమ్మ కథను మళ్లించడం మొదలుపెట్టింది. హేమలత లోపలినుంచే మాట్లాడుతుంది. కోపంగా కాదు, నెమ్మదిగా. వాడు వింటాడు, చెప్పులేసుకుని పోతాడు. హేమలత నెల్లూరుకు ఉద్యోగం మార్చుకుంటుంది. వాడికి కూడా ఒక మంచి మాట ఇచ్చింది, మరీ దుర్మార్గుడైతే కథ చప్పగా ఉంటుందని. పని ముగిసేసరికి కథా ముగిసింది. ఇన్నేళ్లలో తాను అల్లిన ముగింపులన్నిటిలోకీ ఇదే బాగుందనిపించి నవ్వుకుంది.

"ఏంది, ఒక్కదానివే నవ్వతా ఉండావు?" అన్నాడు జడ్సన్ అన్నానికొచ్చి.

ఆమె అంతా చెప్పింది. ఆయన పప్పు కలుపుకుని రెండు ముద్దలు తిన్నాక, "బాగుంది" అన్నాడు. "ఆ రాసే ఆమె రాసినట్టు జరిగినా, నువ్వు కుట్టినట్టు జరిగినా, పెళ్లి చేసుకునేది మీ ఇద్దరిలో ఎవరూ కాదు గదా."

"అయితే ఏం చెయ్యమంటావు?"

"నన్నడిగితే? నేను నవలలు మోసుకొచ్చినానే గానీ ఒక్కటన్నా చదివినానా?"

ఆదివారం ఆరాధన అయ్యాక గుడి ప్రహరీ నీడలో ఫ్లోరమ్మ మెర్లిన్‌ను ఆపింది. మాటలు పేర్చుకుని వచ్చింది గానీ అవి వరస తప్పాయి.

"హేమలత మనిషి కాదు మే."

"అంటే?"

"నవల. ఫోన్లో వస్తా ఉంటుంది."

మెర్లిన్ ఫోను అందుకుని చూసింది. వేలితో పైకీ కిందికీ జరిపింది. కన్నీళ్లు కారే ఆడపిల్ల బొమ్మ, దానికింద నక్షత్రాలు, తరవాతి భాగం రేపు ఉదయం అనే మాట. చదివి ఫోను తిరిగి ఇచ్చింది.

"నేను ఉపవాసాలున్నా ఆంటీ."

"నేను గూడా ఉన్నా మే."

"మీకు తెలుసు గదా. మీరెందుకున్నారు?"

ఫ్లోరమ్మ ఫోనును పైటకొంగులో చుట్టుకుంది.

"నేను మీకు చెప్పుకునిందంతా నిజం" అన్నది మెర్లిన్. గొంతు పెంచలేదు. "ఇంట్లో గూడా చెప్పుకోలేనిది మీకు చెప్పినా." గుడిముందు జనం చూస్తున్నారని తెలిసి, చిన్నగా నవ్వినట్టు ముఖం పెట్టి వెళ్లిపోయింది. ఆ నవ్వు తిట్టుకంటే ఎక్కువగా తగిలింది ఫ్లోరమ్మకు.

ఆ వారమంతా కావలి బండి దిగి మెర్లిన్ ఇంకో వీధిమీదుగా ఇంటికి పోయింది. హేమలత తలుపు తీసింది. వాన కురిసింది. కిడ్నీ కూడా బయటపడింది. ఫ్లోరమ్మ మూడు నక్షత్రాలిచ్చి యాప్ మూసేసింది. ఇదివరకైతే పేరమ్మకు చెప్పి వాననూ కిడ్నీనీ ఉతికి ఆరేసేది. ఆ పొద్దున చేపలు కడుక్కుంటూ ఊరుకుంది.

గురువారం కూడిక ఫ్లోరమ్మ ఇంట్లోనే. దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల వేళ ఆమె లేచి నిలబడింది. చుట్టూ తిప్పకుండా చెప్పింది. హేమలత నవల్లో పిల్ల, మొదటిరోజు చెప్పబోయే లోపల ప్రార్థన మొదలైంది, ఆ తరవాత చెప్పకపోవడం మాత్రం తన తప్పే. మీతో ఉపవాసాలు చేయించినందుకు మీరేమన్నా పడతాను అని కూర్చుంది.

పుష్పకుమారిగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంది, పెట్టుకుంది, మళ్లీ తీసింది. నవలలో మనిషి కోసం చేసిన ప్రార్థన ఎక్కడికి పోతుందో ఆమె చదువుకున్న వాక్యంలో ఎక్కడా ఉన్నట్టు లేదు.

మూల నుంచి ముసలి అంకాలమ్మ గొంతు సవరించుకుంది. బాప్తిస్మంలో ఆమెకు వేరే పేరు పెట్టారు గానీ ఊరు దాన్ని ఎప్పుడూ వాడలేదు. "అయితే ఆ పిల్లోడు ఎందుకు పోయినాడంట?"

"కిడ్నీ ఇయ్యడానికంట అత్తా."

"ఎవురికి?"

"తమ్ముడికి. తమ్ముడున్నట్టు అంతకుముందు వాడికే తెలీదంట."

"కిడ్నీ ఇచ్చేవాడు ఒక్క ఫోను చెయ్యలేడా?" ఆ మాట అన్నది పుష్పకుమారిగారు. అన్నాక, నవల మీద మాట్లాడేశానని గ్రహించి కళ్లద్దాలు పెట్టుకుంది. కానీ దారి తెరుచుకుంది. ఆసుపత్రిలో ఫోన్లు తీసేసుకుంటారని ఒకామె అన్నది. కన్నతల్లికైనా చెప్పకుండా కోయించుకుంటాడా అని ఇంకొకామె. తనకు మొదటినుంచీ ఆ పిల్లవాడి మీద నమ్మకం లేదని అంకాలమ్మ. ఉపవాసముండి పట్టించుకున్న మనిషి గనక, హేమలత మీద అందరికీ హక్కుంది.

"మీరందరూ వాణ్ణంటా ఉండారు" అన్నది ఫ్లోరమ్మ, తనకు తెలియకుండానే పాత గొంతు వచ్చేసి. "నా బాధ ఆ పిల్ల మీద. ఇన్ని అధ్యాయాలు ఏడ్చినాది, గోడలతో మాట్లాడినాది, ఎందుకు పోయినావురా అని వాణ్ణి మాత్రం ఒక్కమాట అడగలా. అడిగితే కథ ఆ పూటకే అయిపోతుంది గదా. అందుకని రాసే ఆమె అడగనియ్యలా."

అప్పుడు చూసింది, వరండాలో చెప్పుల మధ్య మెర్లిన్ నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో.

పుష్పకుమారిగారు తీర్పు చెప్పింది. "చేసిన ప్రార్థన ఎవరో ఒక బిడ్డకు ఉపయోగపడాలని అడుగుదాం. ఇకమీదట మనవి చెప్పేవాళ్లు ఊరు, వీధి గూడా చెప్పాల." నవ్వులు వచ్చాయి. ఆమె నవ్వలేదు.

అందరూ పోయాక మెర్లిన్ మిషను పక్క స్టూలు మీద కూర్చుంది. "నేనూ అడగలా ఆంటీ" అన్నది.

"ఎందుకడగలా?"

"అడిగితే చెప్తాడేమోనని."

ఫ్లోరమ్మ ఆ పిల్ల చేతిమీద చెయ్యి వేసింది. మాటలతో కడుపు నింపుకునే మనిషికి ఆ పూట ఒక్క మాటా దొరకలేదు. దొరకనందుకు మెర్లిన్ ఇంకాసేపు కూర్చుంది. పోయేముందు, "శనివారం రమ్మని చెప్తా. మీ వరండాలో మాట్లాడతా. మీరు లోపల ఉండాల" అన్నది.

ఈస్టరుకు ముందొచ్చే మట్టలాదివారం, దానికి ముందటి శనివారం, ఎండ ఇంకా తగ్గకముందే గిద్యోను మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. ఫ్లోరమ్మ మిషనును ముందుగదిలోకి జరుపుకుని కుడుతూ ఉంది. తలుపు ఓరగా ఉంది. నవలల్లోని మగవాళ్లకూ ఇతనికీ ఏం పోలిక లేదు. పొట్టిచేతుల చొక్కా మీద రొయ్యల మేత దుమ్ము, చెమట. చెప్పులు బయట విడిచి నిలబడ్డాడు.

"ఎందుకు పోయినావు?" అన్నది మెర్లిన్.

అంత నేరుగా వస్తుందని అతను అనుకోలేదు. "ఇప్పుడదంతా ఎందుకులే."

"చెప్పు."

"రెండో ప్రకటన చదివినప్పుడు గుడిలో అందరూ ఎనక్కి తిరిగి నన్ను చూసినారు. ఊపిరాడలా. సాయంత్రం బండెక్కి మా చిన్నాయన ఇంటికి పోయినా. మరుసటిరోజు వద్దామనుకున్నా, సిగ్గేసింది. ఆ పైవారం ఇంకా సిగ్గేసింది."

"ఫోనన్నా చెయ్యొచ్చు గదా."

"చేస్తే నువ్వు ఏడుస్తావని."

"ఏడ్చినా. నీకు ఇనపడలా, అంతే."

గదిలో ఫ్లోరమ్మ కాలు ఆగిపోయింది. కిడ్నీ లేదు, తమ్ముడు లేడు. భయపడిన ఒక పిల్లవాడు, భయపడినందుకు సిగ్గుపడి, ఆ సిగ్గును దాచుకోవడానికి ఇంకొంత దూరం పోయినవాడు. ఇట్లాంటివాణ్ణి ఏ నవలా రాయలేదనిపించింది. అతని మీద ఆమెకు జాలి కలిగింది. అంతకుముందు తాను అల్లిన ముగింపులో వీడికిచ్చిన మంచి మాట ఎంత పనికిమాలినదో కూడా తెలిసింది.

"మరి ఇప్పుడెందుకు వచ్చినావు?" మెర్లిన్ గొంతు మెత్తబడింది. అది విని ఫ్లోరమ్మ తలుపు సందు వైపు వంగింది.

గిద్యోను మంచినీళ్ల గ్లాసు చేతిలో తిప్పుతూ నిజమే చెప్పాడు. అబద్ధమాడే తెలివి అతనికి లేదు. "అమ్మ సంబంధాలు చూస్తా ఉంది. ఎవురొచ్చినా నీ సంగతే అడగతా ఉండారు. అమ్మ అనింది, ఆ పిల్లనే చేసుకుంటే ఎవురూ ఏమీ అడగరు గదా అని. నాకూ అదే మంచిదనిపించింది."

దూరంగా గూడ్సు ఒకటి యార్డు దాటి పోతున్న చప్పుడు.

"నీ మీద కోపం పోయింది గిద్యోను" అన్నది మెర్లిన్. "నిజంగానే పోయింది. కానీ నేను చేసుకోను."

"ఇంకొంచెం ఆలోచించు."

"రెండేళ్లు ఆలోచించినా. ఎందుకు పోయినాడో, నాలో ఏం తక్కువ కనపడిందో అని. నువ్వు నన్ను చూసి పోలేదంట గదా. ఇప్పుడు గూడా నన్ను చూసి రాలేదు."

అతను తల దించుకున్నాడు. నీళ్లు తాగి గ్లాసు గట్టుమీద జాగ్రత్తగా పెట్టాడు. "నన్ను అడిగినోళ్లకు ఏం చెప్పాల?" అన్నాడు.

"జరిగిందే చెప్పు."

మోటార్‌సైకిల్ వీధి మలుపు తిరిగాక ఫ్లోరమ్మ బయటికొచ్చింది. మెర్లిన్ స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. కళ్లు తడిగా ఉన్నాయి.

"అంతా ఇన్నారా ఆంటీ?"

"ఇన్నా."

"ఇంతేనా అనిపించింది నాకు. ఇంత చిన్నదానికా అని."

ఫ్లోరమ్మ ఏదో అనబోయింది. అది ఎప్పుడూ అనే మాటల్లాంటిదే, ఈ అధ్యాయం బాగుందనో, ఇంకోలా ఉండాల్సిందనో. నోటిదాకా వచ్చినదాన్ని మింగి, ఆ పిల్ల వీపు నిమిరింది.

"అమ్మకు చెప్పాల" అన్నది మెర్లిన్ ముఖం తుడుచుకుంటూ. "ముందు గుడికాడికి పోదాం రండి. రేపటికి మట్టలు చీల్చాల, అందరూ వచ్చుంటారు."

"ఇప్పుడా? గిద్యోను వచ్చిపోయిన సంగతి ఈపాటికి వీధంతా చూసుంటుంది మే. అడుగుతారు."

"అడగనియ్యండి. చెప్తా."

ఫ్లోరమ్మ మోకాళ్లు పట్టుకుని మెట్లు దిగింది. మెర్లిన్ ఆమె చెయ్యి అందుకుంది. గుడిముందు ఆడవాళ్లు పచ్చి ఈతమట్టలు కుప్పపోసుకుని కూర్చుని ఉన్నారు. వీళ్లిద్దరినీ చూసి మాటలు ఆపి, పక్కకు జరిగి చోటిచ్చారు. మెర్లిన్ వాళ్ల మధ్యలో చతికిలబడి ఒక మట్ట చేతిలోకి తీసుకుంది.

"ఏం మే, ఎవరో వచ్చిపోయినారంటనే" అన్నది అంకాలమ్మ.

"గిద్యోను వచ్చినాడవ్వా" అని, మట్టను కొసనుంచి రెండుగా చీలుస్తూ, మెర్లిన్ చెప్పడం మొదలుపెట్టింది.